పూడ్చేసిన బోర్లు

నా చిన్నప్పటి సంగతి అనగానే మా ఇంట్లో పిల్లలు పలకా, బడిగంటా వస్తాయనుకుంటారు. నేను చెప్పబోయేది డిగ్రీ మొదటి సంవత్సరం ముచ్చట. కాలేజీకి పోయే పిల్లను చిన్నపిల్ల అంటారా అని ఎవరైనా వాదనకు వస్తే రమ్మనండి, నాకు ఓపికుంది. సొంతంగా బస్సెక్కి కడపకు పోయి రావడం తప్ప లోకం గురించి ఏమీ తెలియని వయసు అది. పైగా అన్నీ తెలుసనుకునే వయసు. అంతకంటే చిన్నతనం ఇంకేముంటుంది?

మాది బద్వేలు వైపు పల్లె. లెక్కల నుంచి తప్పించుకుందామని ఆర్ట్స్‌లో చేరాను. ఎకనామిక్స్ తీసుకున్నవాళ్ళకు స్టాటిస్టిక్స్ తప్పనిసరి పేపరని చేరేటప్పుడు మాకెవరూ చెప్పలేదు. మొదటిరోజు బోర్డు మీద సిగ్మా గుర్తు చూసి, పక్కకు ఒరిగిపోయిన 'ఎమ్' అనుకున్నవాళ్ళే క్లాసులో ఎక్కువ. కొందరు సూత్రాలను అర్థంతో పనిలేకుండా వల్లెవేశారు. కొందరు గ్రూపు మార్చుకుంటామని ఆఫీసు చుట్టూ తిరిగారు. నేను మాత్రం సారుతో వాదన పెట్టుకున్నాను. సగటు కుటుంబంలో నాలుగున్నర మంది ఉన్నారనుకోండి అని ఆయన లెక్క మొదలుపెడితే, ఆ అర మనిషి ఎవరు సార్, ఇంట్లో నోరెత్తని ఆడమనిషా అని అడిగాను. క్లాసంతా నవ్వింది. సారు మాత్రం సుద్దముక్క కింద పెట్టి, అది మంచి ప్రశ్నే, కానీ ముందు సగటు కట్టడం నేర్చుకో, తర్వాత దాన్ని తిడుదువు గానీ అన్నారు. ఆయన కోప్పడేవారు కాదు. వాదించేవాళ్ళకు అంతకంటే విసుగు పుట్టించే మనిషి ఉండడు.

దసరా సెలవులకు ముందు ఆయన మాకో పని పెట్టారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఏదో ఒక విషయం మీద వివరాలు సేకరించి, పట్టిక వేసుకుని రావాలి. అందరూ ఇంటికి ఎందరు పిల్లలు, ఎన్ని గేదెలు అని రాసుకొచ్చారు. నాకు అంతకంటే పెద్ద విషయమే ఇంట్లో సిద్ధంగా ఉంది.

మాకో చీనీతోట, అంటే బత్తాయి తోట, ఉండేది. అప్పుడప్పుడే కాపుకొస్తున్న చెట్లు. పాత బావి అడుగంటిపోయి ఆకులు ముడుచుకుంటున్నాయి. మా నాయన ముందు రెండు దారులు. పక్క చేను సాయిబు మామ తన బావి నుంచి కొన్ని తడులు ఇస్తానన్నాడు. అవి సగం తోటకే సరిపోతాయి, మిగతా సగం కొట్టేసుకోవాలి. వద్దంటే ఆ నీళ్ళతో తాను వరి పెట్టుకుంటాడు, త్వరగా తేల్చి చెప్పమన్నాడు. రెండోది, కొత్త బోరు వేయడం. బోరు బండిని ఒక్కసారి పిలిచే శక్తే మాకుంది. నీళ్ళు పడితే తోటంతా నిలుస్తుంది, పడకపోతే తోటంతా పోతుంది. తను నాటిన చెట్టును తన చేత్తో నరకడం నాయనకు ఇష్టం లేదు.

బోరు ఎక్కడ వేయాలో చెప్పేది మా చిన్నతాత. జేజినాయన తమ్ముడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేలో నడిచేవాడు. నీళ్ళున్న చోట ఆ టెంకాయ లేచి నిలబడేది. నా కళ్ళతో చూశాను, అబద్ధం చెప్పను. ఎందుకు లేచేదో మాత్రం నన్నడగొద్దు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన చేతిని నమ్మేవి. ఆయన ఒక్క పైసా ముట్టుకునేవాడు కాదు. నీళ్ళు పడ్డవాళ్ళు టెంకాయా, తాంబూలం, కొత్త తువాలూ పట్టుకుని ఇంటికి వచ్చి కాళ్ళకు మొక్కిపోయేవాళ్ళు. మా తోటలో కూడా మూలన ఒక చోటు చూపించాడు.

నేను ఆయన చేతి మీదే లెక్క కడదామనుకున్నాను. సెలవులంతా ఎండలో తిరిగి, మోటరు ఆడుతున్న ప్రతి చేలోకి పోయి, ఈ చోటు చూపించింది ఎవరని అడిగాను. దాదాపు అందరూ మా చిన్నతాత పేరే చెప్పారు. పట్టిక వేసి, రంగు పెన్సిళ్ళతో పటం గీసి, ఎవరికీ లేనంత గొప్ప ఫలితం నాకు వచ్చిందన్న ధీమాతో కాలేజీకి పోయాను. ఇంటి నుంచి బయలుదేరే ముందే నాయనకు చూపించాను. ఆయన బోరు బండికి కబురు పెట్టాడు.

సారు నా పటాన్ని చాలాసేపు చూశారు. బాగా గీశావన్నారు. తర్వాత క్లాసు వైపు తిరిగి తాపీగా, "ఈ రోజు క్లాసుకు రానివాళ్ళంతా చెయ్యెత్తండి" అన్నారు.

ఎవరూ ఎత్తలేదు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంటే మన క్లాసుకు అందరూ వచ్చినట్టే కదా, అంత గొప్ప క్లాసు ఇంకోటి లేదు అని ఆయన హాజరుపట్టీ మూసేశారు. సగం బెంచీలు ఖాళీగా ఉన్నాయి.

నాకు అప్పుడు కూడా వెలగలేదు, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నువ్వు అడిగింది ఎవరినమ్మా అని ఆయనే అడిగారు. మోటరు ఉన్నవాళ్ళను సార్ అన్నాను. నీళ్ళు పడనివాళ్ళ దగ్గర మోటరు ఎందుకుంటుంది అన్నారు. అలాంటి బోరు మా ఊళ్ళో ఒక్కటీ కనపడదు సార్ అని నేను గట్టిగా వాదించాను. కనపడకపోవడమూ లేకపోవడమూ ఒకటేనా, అది తేల్చుకుని రా, నీ మార్కులు అప్పటిదాకా నా దగ్గరే ఉంటాయి అన్నారు.

ఇప్పుడు మా ఊరి రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు ఫుట్‌బాల్ అంత సైజులో వేస్తారు. రానివాళ్ళకు కూడా ఫ్లెక్సీ కట్టాలంటే కడప నుంచి మైదుకూరు దాకా బట్ట చాలదు. ఫలానా కషాయం తాగి షుగరు తగ్గిందని ఫోనులో వీడియోలు పంపే మా ఆడబిడ్డతో కూడా ఇదే గొడవ. తగ్గనివాళ్ళు వీడియో తీసుకోరు కదమ్మా అంటే, నీకు దేనిమీదా నమ్మకం లేదంటుంది. నాకు నమ్మకం ఉంది. ఖాళీ బెంచీల మీద ఉంది.

ఆ శనివారమే హాస్టలు నుంచి ఊరికి పోయాను. నీళ్ళు పడని బోర్లు ఉన్నాయా అని అడిగితే మా ఇంట్లో అందరూ మాట మార్చారు. మరుసటి పొద్దున పక్కింటి అవ్వ పెరట్లో గిన్నెలు తోముకుంటూంటే ఆమె ముందున్న చిప్పలో బూడిద రంగు రాతిపొడి కనపడింది. బోరు వేసేటప్పుడు లోపలి బండ నలిగి పైకి వచ్చే పొడి అది. మెత్తగా ఉంటుందని మా వైపు ఆడవాళ్ళు తోముకోవడానికీ, ముగ్గు పిండిలో కలుపుకోవడానికీ ఎత్తుకొస్తారు. మీకు బోరే లేదు కదవ్వా, ఇదెక్కడిది అని అడిగాను.

"ల్యాకేం, మూడేండ్ల కింద చేన్లో ఏపిచ్చిమి. మీ చిన్నతాత చూపిచ్చిన తావే. నీళ్ళు రాకపోయినా గిన్నెలు తోముకునేకి పొడన్నా వచ్చింది గదా మే" అంది.

చిన్నతాతకు ఆ సంగతి చెప్పారా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. పెద్దాయన, పుణ్యానికి వచ్చి చూపించిపోయినాడు, మా రాత బాగలేకపోతే ఆయన మనసెందుకు కష్టపెట్టాలి అంది.

అప్పుడు అర్థమైంది. మా వైపు నీళ్ళు పడని బోరు గుర్తు కూడా మిగలదు. బోరు నోట్లో దించిన కేసింగ్ పైపు ఇంకోచోటికి పనికొస్తుందని పీకేసుకుంటారు. బొక్కలో రాళ్ళేసి, మట్టి కప్పి, పైన దున్నేస్తారు. దాని గురించి మాట్లాడరు. మిగిలేది ఎర్రనేలలో బూడిద రంగు మచ్చ ఒక్కటే, అక్కడ చెనిక్కాయ, అదే వేరుశెనగ కూడా సరిగా మొలవదు. ఆ మచ్చలు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. చవుడేమో అనుకున్నాను. ఆ రోజు గట్ల మీద నడుస్తూ వాటిని వెతికాను. చాలా ఉన్నాయి. మోటర్ల కంటే తక్కువేం కాదు. అడిగిన ప్రతి ఇంట్లోనూ అదే జవాబు, అదే మర్యాద.

ఇంటికొచ్చి నాయనతో వాదన పెట్టుకున్నాను. సాయిబు మామ నీళ్ళు తీసుకో, సగం తోటన్నా దక్కుతుంది అన్నాను. మచ్చలన్నీ ఏకరువు పెట్టాను. నాయన సంగటి ముద్ద తుంచుతూ అంతా విన్నాడు. విని, "మీ సారుకు చీనీచెట్లు ఉండాయా పాపా?" అన్నాడు.

లేవన్నాను. మరి కొట్టే చెట్లేవో, ఉంచే చెట్లేవో ఆయన్నొచ్చి చూపించమను అన్నాడు. పోయిన వారం నువ్వే కదా చిన్నతాత చేయి మంచిదని బొమ్మ గీసి చూపిస్తివి, ఈ వారం కాదంటాండావు అన్నాడు. మా అమ్మ మజ్జిగ పోస్తూ, "దాన్ని చదివిచ్చింది మనమే, ఇప్పుడు ఇనాల్సింది గూడా మనమే" అంది. ఆమె ఎవరి పక్షమో ఈ రోజుకీ నాకు తేలలేదు.

బోరు బండి మరుసటి రోజు వచ్చింది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ రొద. పొడి లేస్తూనే ఉంది, చీనీ ఆకుల మీద బూడిదలా పేరుకుంటూనే ఉంది. ఒక్కసారన్నా అది తడిసి బురదగా రాలేదు. బండి మనిషి ఇంకా దించాలా అని సైగ చేసి అడిగాడు. నాయన మొహానికి కట్టుకున్న తువాలు విప్పి, వద్దని తల ఊపాడు. నేను నెగ్గాను. అంత పనికిమాలిన నెగ్గడం మళ్ళీ ఎప్పుడూ నెగ్గలేదు.

తర్వాతి రోజు అందరిలాగే పైపులు పీకి పూడ్చేస్తారనుకున్నాను. నాయన దాన్ని అట్లాగే వదిలేసి, చెప్పులేసుకుని, నన్ను కూడా రమ్మన్నాడు. ఇద్దరం చిన్నతాత ఇంటికి పోయాం. తాంబూలం లేదు, తువాలు లేదు. ఉత్త చేతులతో ఆ ఇంటికి బోరు మాట మోసుకుపోయినవాళ్ళు మా ఊళ్ళో అంతకుముందు లేరు.

చిన్నతాత అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మొహం విప్పారింది.

"ఎన్ని ఇంచుల నీళ్ళు పడినాయప్పా?" అన్నాడు.

"పడలేదు చిన్నాయనా" అన్నాడు నాయన.

ఆయన తాడు పక్కన పెట్టాడు. తన అరచేయి చూసుకున్నాడు. ఆ తర్వాత, ఇంతకుముందు ఎవరికన్నా ఇట్లా అయిందా అని అడిగాడు. నాయన నా వైపు చూశాడు. సారు ముందు ఒప్పజెప్పాలని దారిపొడుగునా పేర్చుకున్న మాటలు నా నోట్లో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆ అరుగు మీద పనికొచ్చేది కాదు.

"అయింది తాతా. శానామందికి" అన్నాను.

"మరి నాకెవురూ చెప్పల్యా" అన్నాడు ఆయన.

ఆ మాటలో కోపం లేదు, బుకాయింపు లేదు. నేను అప్పటిదాకా ఆయన్ను ఊరిని మోసం చేసేవాడనో, తనను తాను మోసం చేసుకునేవాడనో తేల్చుకోలేక ఉన్నాను. రెండూ కాదు. ఆయన గడప తొక్కినవాళ్ళంతా నీళ్ళు పడినవాళ్ళే. ఆయన చూసిన ఊళ్ళో ఎండిన బోరు లేదు.

ఎవరెవరికి పడలేదో చెప్పమన్నాడు. చెప్పాను. లేచి, కర్ర తీసుకుని, పద చూపించు అన్నాడు. మొదట పక్కింటి అవ్వ దగ్గరికే పోయాం. అంత పెద్దాయన పెరటి వాకిట్లో నిలబడి, నేను చూపించిన తావున నీళ్ళు పడలేదంట కదమ్మా అని అడిగాడు. అవ్వ కొంగు నిండా కప్పుకుని, మా రాత మామా అంది. రాత సంగతి తర్వాత, ఎంత లోతు దించినారు, ఏ రంగు రాయి వచ్చింది, అది చెప్పు అన్నాడు. ఆ వారమంతా అట్లా ఇల్లిల్లూ తిరిగాడు. కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు ఎదురుపడటానికి మొహమాటపడి వెనక వాకిలి గుండా చేలోకి పోయారు. ఆయన అరుగు మీద కూర్చుని, వాళ్ళు తిరిగొచ్చేదాకా కదల్లేదు. అడిగించుకోవడం వాళ్ళకు కష్టంగా ఉంది. అడగడం ఆయనకు ఇంకా కష్టంగా ఉందని మెట్లెక్కేటప్పుడు తెలిసేది.

సాయిబు మామ అప్పటికే వరి నారు పోసుకున్నాడు. అయినా ఇవ్వగలిగిన కాసిన్ని నీళ్ళు ఇచ్చాడు. వాటితో బావి వైపు రెండు వరసలు బతికాయి. మిగతా తోట ఎండిపోయి వంటచెరుకైంది. సారు నాకు మార్కులు వేశారు, ఎన్నో గుర్తులేదు. తర్వాత కూడా ఎవరైనా పిలిస్తే చిన్నతాత టెంకాయ పట్టుకుని పోయేవాడు. కాకపోతే చేలోకి అడుగుపెట్టే ముందే, నేను చూపించినవాటిలో ఎండిపోయినవి కూడా ఉండాయి, ఫలానా ఫలానా వాళ్ళను అడిగి రా, అప్పుడు నడుస్తా అనేవాడు. కొందరు అడిగి వచ్చి మానుకున్నారు. కొందరు అడగకుండానే వేయించుకున్నారు.

నేను ఇప్పుడు పిల్లలకు పాఠాలు చెబుతాను. ఏడాది చివర కొందరు వచ్చి, మీరు చెబితే బాగా అర్థమయింది మేడమ్ అని దండం పెట్టిపోతారు. సంతోషంగానే ఉంటుంది, ఎందుకుండదు. ఆ తర్వాత హాజరుపట్టీ తీసి, మధ్యలో మానేసిన పిల్లల ఇళ్ళకు బయలుదేరతాను. మా ఆయన ఎందుకొచ్చిన తిరుగుడంటాడు. వాళ్ళు మర్యాదగా కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, మీ తప్పేం లేదు మేడమ్ అంటారు. నేను టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా పాఠంలో ఎక్కడ అర్థం కాలేదో చెప్పమని అడుగుతాను. వాళ్ళు చెప్పేదాకా కూర్చుంటాను.