ఆ ఫోనులో చెప్పిన పేరు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే కదా అని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అంత చిన్నదైతే దించుకోవడానికి ఇన్నేళ్లూ చోటెందుకు వెతికాను? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా భర్త కదిరిలో ఒక బారులో పన్నెండేళ్లు పనిచేశాడు. సొంత బారు పెట్టాలనీ, కౌంటరు వెనక నిలబడి తన చేత్తో గ్లాసులో పోసి ఇవ్వాలనీ ఆయన కల. థాయ్‌లాండ్‌లో ఉన్న స్నేహితుడి సాయంతో అక్కడ సముద్రం ఒడ్డున ఒక చిన్న బారు తీసుకున్నాం. కానీ ఆ దేశంలో బారు మనదే అయినా, పని పర్మిట్ లేనిదే గ్లాసు కూడా కడగకూడదట. నలుగురు స్థానికులకు ఉద్యోగమిస్తే ఒక్క విదేశీయుడికి పర్మిట్. మా దగ్గర ఉన్నది సరిగ్గా నలుగురు.

అనంతపురంలో ఒక నెట్ సెంటర్‌లో కాగితాలు పంపిస్తున్నాం. ఆయన ఉగ్గాని, బజ్జీ తేవడానికి రోడ్డు దాటి వెళ్లాడు. అంతలో థాయ్‌లాండ్‌లోని మా లాయరు ఫోను చేసింది. పర్మిట్ ఎవరి పేరు మీద పెట్టమంటారు, అని అడిగింది.

ఆయన్ని అడిగి చెప్తాననాలి. అనలేదు. నా పేరు చెప్పాను. తప్పు పడకూడదని ఒక్కో అక్షరం విడదీసి మరీ చెప్పాను.

ఆయన రెండు పొట్లాలతో వచ్చాడు.

"ఏమన్నారు మే?"

"ఒగరికే ఇస్తారంట. నా పేరు రాసుకున్నారు."

"వాళ్లే రాసుకున్నారా?"

"ఊ. వాళ్లే."

కాసేపు పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. "పోనీలే. మనింటికే కదా వచ్చిండాది. నువ్వు ఓనరమ్మ, నేను గిరాకీ!"

ఎందుకు చెప్పాను? ఆయన మెతక మనిషి, అడిగినవాడికల్లా ఊరికే పోస్తాడు, బారు మునిగిపోతుంది అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది కాదు కారణం. ధర్మవరంలో మా నాయన మగ్గం మీద పదేళ్లు పట్టుచీరలు నేశాను. ఒక్క చీర మీదా నా పేరు లేదు. ఎక్కడైనా ఒకచోట నా ఫోటో, నా పేరు, పైన ప్రభుత్వ ముద్ర ఉండాలనిపించింది. అంతే. ఆ ‘అంతే’ కింద ఆయన కల పడి నలిగింది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఏళ్లు నాకు పండగలే. పోయడం నేర్చుకున్నాను. మా ఊరి పద్ధతిలో కారం పట్టించి వేయించిన శనక్కాయల కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవారు. ఆయన కౌంటరుకు అవతలి వైపు కూర్చుని, రాని భాషలో చేతులతోనే కథలు చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఒకసారి పనమ్మాయి చేతిలోంచి జారుతున్న ట్రేని గబుక్కున పట్టుకున్నాడు. పట్టుకున్నాక చట్టం గుర్తొచ్చి, బల్ల మీద పెట్టేసి దొంగలా రెండు చేతులూ పైకెత్తాడు. బారంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ ట్రే అందుకుని నేనే బల్లలకు పంచాను.

ఈ ఏడు పనివాళ్లు ఎనిమిదిమంది అయ్యారు. వెంటనే ఆయన పేరున కాగితాలు పెట్టాను. పామిడిలో మా ఆడబిడ్డ ఇంటికి వచ్చి ఉండగా, ఈ రోజు పొద్దున పర్మిట్ మంజూరైందని కబురొచ్చింది. ఫోను పట్టుకుని వీధంతా తిరిగాడు. "మా ఇంటామె తెప్పించినాది సూడన్నా!" భుజాన తువ్వాలు వేసుకుని, అరుగు మీద స్టీలు గ్లాసులు వరసగా పేర్చి, దారిన పోయేవాళ్లను పిలిచి పిలిచి మజ్జిగ పోస్తున్నాడు. ఒక్క చుక్క కింద పడనివ్వడం లేదు. ఇంత బాగా పోసే మనిషిని తొమ్మిదేళ్లు కూర్చోబెట్టానా?

నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. చెప్పాలని నోరు తెరిచాను. తాగాను.

ఎప్పుడైనా చెప్తానేమో. చెబితే నవ్వేస్తాడు. ఆ నవ్వుకే నాకు భయం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. వాళ్లు రాసుకోలేదు, నేనే చెప్పాను. ఈ మాట మొదటిసారి రాసి, రెండుసార్లు చదువుకున్నాను. తప్పు తగ్గలేదు. ఊపిరి మాత్రం నిండా అందుతోంది. బయట ఎవరో ఇంకో గ్లాసు అడుగుతున్నారు. వెళ్లి ఆయన పక్కన నిలబడతాను.