మా అమల, హాజరు పలకని కార్డు

నేను చదివింది ఏడో తరగతి. మా ఊరి బడిలో నేల మీద కూర్చుని, పలక మీద రాసి, ఇరవయ్యో ఎక్కం దాకా తడబడకుండా అప్పజెప్పినవాణ్ణి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. మా సెక్షన్‌కు షీల్డు వచ్చిన ఏడాది స్టేజీ ఎక్కి అందుకున్నది నేనే. తార్నాకలో మా కాలనీకి మంచినీళ్ల పైపు వేయించింది, వానొస్తే మోకాళ్ల దాకా నీళ్లు నిలిచే వెనక సందుకు డ్రైనేజీ తెప్పించింది, సంఘానికి పోటీ లేకుండా మూడుసార్లు అధ్యక్షుడైంది ఈ సత్తయ్యే. కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్లు మరిచిపోతే నేను గుర్తుచేస్తాను.

అయితే ఇప్పుడు ఈ మాటలన్నీ కలం పట్టకుండా, కంప్యూటర్ మీద తెలుగక్షరాలు కొట్టి రాస్తున్నానంటే అది మాత్రం నా గొప్ప కాదు. డెబ్బై దాటినవాడికి మళ్లీ ఓనమాలు దిద్దించిన అమలది. ఆ పిల్ల గురించి ఎవరైనా రాయాలి. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అమల తల్లి సుగుణమ్మది జనగామ దగ్గర పల్లె. భర్త పోయాక చంటిపిల్లను చంకనెత్తుకొని పట్నం వచ్చి, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్సులో రొట్టెలు కాల్చే పనికి కుదిరింది. అమల పెరిగింది ఆ మెస్సు వెనకాలే. బియ్యం బస్తాల మీద పుస్తకం పెట్టుకొని హోంవర్కు చేసుకునేదట. ఆ హాస్టల్లో సుధామయి అని రిసెర్చి చేసే అమ్మాయి ఉండేది. సాయంత్రాలు తనతోపాటు ఈ పిల్లను డిపార్ట్‌మెంటు కంప్యూటర్ గదికి తీసుకుపోయి, ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, పాడవుతుందని భయపడకుండా నొక్కుకోమనేదట. పాఠం అంటూ పెద్దగా ఏమీ చెప్పలేదంటుంది అమల. తలుపు తీసి కూర్చోమన్నది, అంతే. ఆ కూర్చోమన్న మాటతోనే విద్యానగర్ కాలేజీలో డిగ్రీ అయింది, క్యాంపస్‌లో ఎంసీఏ అయింది, అక్కడే ఒక డిపార్ట్‌మెంటులో కాంట్రాక్టు మీద టెక్నికల్ అసిస్టెంటు ఉద్యోగమూ అయింది. ఇప్పుడు తల్లీకూతుళ్లు అడిక్‌మెట్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు.

ఒకసారి వాళ్ల డిపార్ట్‌మెంటులో పాత కంప్యూటర్లు తీసేస్తుంటే అమల పైవాళ్లను బతిమాలి ఐదింటిని అడిగి తీసుకుంది. పెట్టడానికి చోటు కావాలని కాలనీలన్నీ తిరిగి, చివరికి మా సంఘానికి వచ్చింది. కమ్యూనిటీ హాలు వెనక గది ఖాళీగా ఉంది. ఇప్పించింది నేనే. ట్రాలీ మాట్లాడి సామాను దింపించిందీ నేనే. ఆ పాత పెట్టెల మీద కొత్త విండోస్ వేస్తే నడవనన్నాయి. అమల వాటి మీద తేలికపాటి లినక్స్ ఎక్కించింది. ముసలి ఎద్దుకు తేలిక బండి కట్టినట్టన్న మాట. ఐదూ లేచి నడిచాయి.

సాయంత్రం డ్యూటీ దిగి, క్యాంపస్ చెట్లకింద నడుచుకుంటూ ఆమె తార్నాక వచ్చేసరికి గది నిండేది. హాస్టళ్లలో వంట చేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, వాచ్‌మెన్ల భార్యలు. ఉత్తరం టైపు చేయడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల హాల్‌టికెట్లు తీయడం నేర్పేది. వాళ్ల మధ్య మగ విద్యార్థి నేనొక్కణ్ణే. మొదటి రోజే అక్షరాలన్నీ గుర్తుపట్టానని నాకు పేరుంది.

ఇంతలో కాలనీలో రాంచందర్ ఒక ప్రతిపాదన పెట్టాడు. ఆ గదిని సంఘం షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు పెట్టుకునే స్టోర్‌రూమ్ చేయాలని. దసరా వెళ్లాక వచ్చే ఆదివారం జనరల్ బాడీలో తేల్చుదామన్నారు. కంప్యూటర్లు నడుస్తున్నంత కాలం గదిని ముట్టుకోనివ్వనని నలుగురిలో మాట ఇచ్చాను. నా మాట అంటే కాలనీలో మాటే.

దసరాకు ఆయుధపూజ చేసింది రాజలింగం. నాతోపాటు వర్క్‌షాపులో లేతు మిషన్ నడిపినవాడు, ఇప్పుడు మా సంఘం కార్యదర్శి. వర్క్‌షాపులో పూజంటే మిషన్ పైరేకుకు బొట్టు పెట్టి చేతులు దులుపుకోవడం కాదు. పనిచేసే భాగం విప్పి, నూనెగుడ్డతో తుడిచి, గంధం పెట్టి, అక్షింతలు వేసి, మళ్లీ బిగించాలి. ఆ పద్ధతిలోనే మొదటి కంప్యూటర్ మూత విప్పి, ఒక కార్డు తీసి తుడిచి, బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, బిగించాడు. మేమంతా దండం పెట్టాం.

పండగయ్యాక అమల వచ్చి స్విచ్ వేస్తే మొదటి కంప్యూటర్ లేచింది గానీ మిగతా నాలుగింటికి నెట్ లేదు. ఎందుకంటే బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ ముందు ఆ మొదటిదానికే వస్తుంది. అందులోని నెట్‌వర్క్ కార్డు మిగతావాటికి పంచుతుంది. కార్డు దగ్గర వెలగాల్సిన చిన్న పచ్చ లైటు వెలగడం లేదు. అమల కేబుల్ మార్చి చూసింది. లైటు రాలేదు. తర్వాత ఏదో టైపు చేస్తే పెట్టెలో ఉన్న సామాను పేర్లన్నీ తెర మీద వరుసగా వచ్చాయి. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. కార్డు పేరు లేదు. నాకు అర్థమయ్యేలా చెప్పమన్నాను.

“పేరు పలికి పనిచేయకుంటే దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తప్పు తాతా. ఇది హాజరే పలుకుతలేదు. అంటే పిల్లగాడు బడికే రాలే,” అంది.

మా కాలనీలో శశిభూషణ్ అని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాడు. కాకినాడ వాళ్లు, మంచి మనిషి. ఆయన వచ్చి చూసి, “ఈ బక్క లినక్స్‌తో ఇదే గొడవండి సత్తయ్య గారూ. పెద్దదైతే అన్నీ అదే వెతుక్కుంటుంది,” అన్నాడు. మర్నాడు పెన్‌డ్రైవ్‌లో పెద్ద లినక్స్ తెచ్చి పెట్టాడు. అది తెరుచుకునే లోపల మేము చాయ్ తాగి, గ్లాసులు కడిగి కూడా పెట్టాం. తెరుచుకున్నాక అదీ కార్డును చూడలేదు. అయితే తానన్నది తప్పేనని, లోపల చూడాల్సిందేనని ఆయనే ఒప్పుకున్నాడు.

రాజలింగానికి కోపం వచ్చింది. “నా చేతితోని బిగించిన స్క్రూ ఇంతవరకు ఒక్కటి ఊడలే. కార్డు జాగల కార్డున్నది. మీ సాఫ్ట్‌వేర్ సంగతి మీరు చూసుకోండ్రి,” అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అమల గది తాళం వేశాక బస్టాపు దాకా నాతో నడిచింది. మనసులో ఉన్నది అప్పుడు చెప్పింది. కార్డు తీసి చూడాలట. కానీ రాజలింగం తాత బిగించినదాన్ని తాను విప్పితే ఆయన చేతిని నమ్మనట్టే అవుతుందట. నేను అధ్యక్షుణ్ణి, నేను చెబుతానన్నాను. మీరు చెబితే హుకుం అవుతుంది, ఇంకా పట్టుదలకు పోతాడు అంది. పోనీ ఆయన లేనప్పుడు తియ్యమన్నాను.

“తెల్వకపోతదా? స్క్రూ మీద గీత చూసి చెప్తడు ఆయన.” కొంచెం నవ్వింది. తర్వాత నవ్వు లేకుండా, “పైగా అది పూజ చేసిన చెయ్యి తాతా. నేను చర్చికి పోయేదాన్ని. నా నోట్లెకెళ్లి ఆ మాటొస్తే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. గది పోతే మళ్ల ఇంకో గది దొరుకుతదో లేదో. మావోళ్లకు కూసునే జాగ పోతది,” అంది.

కాలనీ రాజకీయమంతా నా అరచేతిలో ఉందనుకునే నేను, బస్సు వచ్చిందని చూపించి ఆమెను ఎక్కించాను.

శనివారం సాయంత్రం రాజలింగం గది ముందు నుంచి పోతుంటే అమల బయటికి వచ్చి పిలిచింది. తన విద్యార్థులకు కార్డు తీయడం, పెట్టడం చూపించాలట. “నాకన్న మీ చెయ్యి మంచిగుంటది. జెర మీరే తీసి చూపియ్యరాదు తాతా,” అంది.

అతను ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకొని లోపలికి వచ్చాడు. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. ముందు కరెంటు పీకాలి, తర్వాతే ఏదైనా ముట్టుకోవాలి అని వర్క్‌షాపులో కొత్త కుర్రాళ్లకు చెప్పినట్టే చెప్పాడు. మూత తీశాడు, స్క్రూ విప్పాడు, కార్డును అంచులు పట్టి మెల్లగా పైకి లాగాడు. అమల పక్కనుంచి ఫోను లైటు పట్టింది.

కార్డు దిగే సన్నని స్లాటు అడుగున పసుపు పచ్చని అక్షింత గింజ ఒకటి ఇరుక్కొని ఉంది. దాని మీద కూర్చున్న కార్డు గింజ ఎత్తున పైకి లేచి, అడుగు దాకా దిగనే లేదు. కార్డు బంగారు పళ్ల మీద నూనె మెరుపు, ఎండిన గంధం. రాజలింగం పాఠం అక్కడే ఆగిపోయింది. నేనూ చూశాను. వెనక నిలబడ్డవాళ్లకు కనిపించలేదు.

అమల చేతిలో లైటు కదల్లేదు. లోపల దుమ్ముందని చెప్పి ఒకామెతో చీపురు పుల్ల తెప్పించి రాజలింగం చేతికిచ్చింది. అతను గింజ తీసి గుప్పిట్లో మూసుకున్నాడు. పిల్లలు వాడే రబ్బరు ఒకటి ఇచ్చి, పళ్ల మీద మెల్లగా రుద్దితే జిడ్డు పోతుందంది. రుద్దాడు. మళ్లీ కార్డు దింపితే ఈసారి నిండుగా లోపలికి దిగింది. స్విచ్ వేశారు. అమల టైపు చేసింది, పేర్లు వరుసగా వచ్చాయి. ఆమె చదవక ముందే నేను చదివాను. కార్డు హాజరు పలికింది. పచ్చ లైటు వెలిగింది, నాలుగు కంప్యూటర్లకూ నెట్ వచ్చింది.

అప్పుడే వచ్చిన శశిభూషణ్ గుమ్మంలో నుంచే, ఇంతకీ ఏమైందని అడిగాడు.

“కార్డు సరిగ్గ కూసోలే సార్. ఇప్పుడు కూసున్నది,” అంది అమల.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, ఎవరి పేరూ లేదు. నేను చాలా మీటింగులు నడిపాను, చాలా తగువులు తీర్చాను. అంత చిన్న మాటతో ఒక మనిషి పరువు నిలబెట్టడం మాత్రం నాకెప్పుడూ చేతకాలేదు. ఆ పిల్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఆదివారం పొద్దున జనరల్ బాడీ. అమల చర్చికి పోయింది. ముందు నేను లేచి గది వల్ల కాలనీకి వచ్చిన పేరు గురించి మాట్లాడాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు కొట్టారు కూడా. అయినా రాంచందర్ తగ్గలేదు. పాత డబ్బాలు ఇయ్యాల నడుస్తయి, రేపు ఆగుతయి, మొన్న వారం ఆగలేదా అన్నాడు. నలుగురైదుగురు నిజమేనన్నట్టు తలలూపారు.

అప్పుడు రాజలింగం లేచాడు.

“మొన్న ఆగింది డబ్బా పాతదై గాదు. పూజ రోజు నేనేసిన అక్షింత లోపల పడ్డది, దానిమీదనే కార్డు బిగించిన. ఆ పిల్లకు తెల్సు. తెల్సి నన్ను ఒక్క మాట అనలే. నా చేతితోనే తీపిచ్చింది, నా పేరు ఎక్కడ ఎత్తలే. అసుమంటి మనిషి పాఠం చెప్పే గదిల షామియానాలు పెడ్తరా మీరు?”

రాంచందర్ ముందు నేలకేసి, తర్వాత రాజలింగం వైపు చూశాడు. “మరి వచ్చే దసరాకు పూజ బందేనా అన్నా?” అన్నాడు.

“ఎందుకు బందైతది? బొట్టు డబ్బ మీద పెడ్త.”

అందరూ నవ్వారు. రాంచందర్ కూడా నవ్వి, షామియానాలు మా సెల్లార్ల ఏస్తా పోండ్రి అన్నాడు. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నట్టు మినిట్స్‌లో రాయించింది నేనే.

మధ్యాహ్నం కావస్తుంటే అమల తల్లితో కలిసి చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్ల చీరలో సుగుణమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. నేను, రాజలింగం హాలు మెట్ల మీద కూర్చుని ఉన్నాం. అమల ముఖంలో భయం కనిపించింది. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

“గది ఉన్నదా తాతా?”

జవాబు గట్టిగా, పద్ధతిగా చెప్పాలనే అనుకున్నాను. లేచి నిలబడే లోపే రాజలింగం గది వైపు చెయ్యి చూపించాడు. తలుపు తెరిచే ఉంది. లోపల నలుగురు ఆడవాళ్లు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ఒకామె వెనక్కి తిరిగి, ఒత్తు ఎట్ల కొట్టాలె అక్కా అని అడిగింది.

అమల చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, ఆమె పక్కన స్టూలు లాక్కొని కూర్చుంది.