సాంపి జల్లిన బీడుల దిగిన హెలికాప్టరు

పట్నంల నేను చేసిన కొలువు నక్షలు గీసుడు. చిన్న కంపెనీ మాది. నలుగురైదుగురు కూసునే హెలికాప్టరు తయారు చేయాలన్నది మా పెద్దసారు పంతం. మిలిట్రీకి కాదు, మామూలు జనానికి. వాగులు పొంగినప్పుడు రోగిని దవాఖానకు తీస్కపోవాలె, దిక్కులేని ఊర్లకు మందులు మోయాలె. ఇంజనొక్కటి బయటి దేశంది, టర్బైను. కడమదంతా మేమే గీసినం. బరువు తగ్గించుడే మా లొల్లి. ఒక్క బోల్టు గురించి రెండు దినాలు కొట్లాడినం అంటే నమ్ముతరా?

టర్బైను అంటే గాలి మింగి బతికే ఇంజను. గాలితోటి దుమ్ము గూడ మింగిందో, లోపల తిరిగే రెక్కలు అరిగిపోతయి. అందుకే దాని మూతికి ఒక డబ్బా గీసినం. వచ్చే గాలిని గిర్రున తిప్పి బరువున్న ఇసుకను బయటికి నూకుతది. మిగిలిన గాలి సన్న తీగల జాలిలకెల్లి లోపలికి పోతది. కాగితం మీద మస్తుగుంది. నిజంగ పనిచేస్తదా అని చూడాలంటే దుమ్ము కావాలె. సారు "ఎక్కడయ్యా దొరుకుతుంది మంచి దుమ్ము?" అంటే నేను ఎగిరి దుంకి, "మా మక్తల్ దిక్కు రాండ్రి సార్, ఎండకాలంల కండ్లు తెరువనియ్యదు" అన్న. అప్పటికి నాది కచ్చా నౌకరీ. ఈ పరీక్ష మంచిగైతె పక్కా చేస్తనని సారు మాటిచ్చిండు. నా అన్నం ముద్ద ఆ దుమ్ముల ఉండె.

మా ఊరి బీడు ఖాయమైంది. ముందటి దినం నేను ఇంటికి పోయి మా అవ్వకు చెప్పిన. అమ్మ, బాపు చిన్నప్పుడే పోతే గొర్ల మీద, మ్యాకల మీద నన్ను సాదిన నాయినమ్మ ఆమె. గొప్పకు పోయి, "రేపు పొద్దుగాల మన బీడుల గాలిమోటరు దిగుతదే అవ్వా. దుమ్ముతోనే మాకు పరేషాన్" అన్న. అంతే అన్న. పరేషాన్ అంటే దుమ్ము కావాల్నని గాదు, వద్దని ఆమె అనుకున్నది. ఎవరనుకోరు?

తెల్లారి సారూ నేనూ జీపుల పోయి చూస్తే ఏముంది? బీడంత పచ్చగ ఉంది. అవ్వా, పక్కిండ్ల ఆడోళ్ళు కలిసి కొట్టంల పేడంత నీళ్ళల్ల కలిపి సాంపి జల్లిన్రు. సుట్టమొస్తే ఆకిట్ల జల్లినట్టే. నడుమ పెద్ద ముగ్గు గూడ. దుమ్ము కణం లేదు!

సారుకు కోపం నెత్తికెక్కింది. "ఎవరు చేశారీ పని? దుమ్ము కోసం ఇంతదూరం వచ్చాం కదయ్యా! ఎవరో నీకు తెలుసా?"

అవ్వ నాలుగడుగుల దూరంల బొక్కెన పట్టుకొని నిలబడ్డది. మోచేతుల దాక పేడ. మొఖం నిండ సంబురం.

"తెల్వదు సార్" అన్న నేను.

ఛీ, నా నోరు పడిపోను. అవ్వ నా దిక్కు ఒక్కసారి చూసింది. ముందుకొచ్చి చేతులు జోడించింది. "నీ బాంచెను సారూ, నేనే జల్లిన. గీ పిల్లగానికి ఏం తెల్వది. గీయనెవరో నేనెరుగ."

ఇంతల హెలికాప్టరు రానే వచ్చింది. పోసిన ఇంధనం దండుగ కావొద్దని సారు, "సరే, ఎండకు ఎలా ఉంటుందో అదన్నా చూద్దాం" అన్నడు. లేసుడు, దిగుడు, లేసుడు, దిగుడు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి సాంపి ఎండి పెచ్చులు లేచింది. పేడల ఉన్న గడ్డి తుక్కంత గాలికి లేసింది. రెండు నిమిషాలకు పైలటు దబ్బున కిందికి దించి ఇంజను బందు పెట్టిండు. ఇంజను సలసల కాగుతుందన్నడు.

డబ్బా ఇప్పి చూస్తే జాలి మీద తుక్కు దుప్పటి లెక్క పరుచుకున్నది. ఇసుక బరువుంటది గనుక బయటికి పోతది. తుక్కు తేలిక, గాలితోటే వచ్చి జాలికి అతుక్కుంటది. ఇంజనుకు ఊపిరాడలే. మా లెక్కలల్ల ఎవ్వరికీ తట్టలే ఆ ముచ్చట.

సారు ఆ తుక్కును గోటితోటి గీకి చూసిండు. ఆఖరికి, "మనం ఇసుకకు గీశాం. ఇది దిగేదేమో కళ్ళాల దగ్గర, కొట్టాల దగ్గర. ఆ పెద్దావిడ చల్లకపోతే రోగిని ఎక్కించుకుని పైనున్నప్పుడు తెలిసేది" అన్నడు. పోయి అవ్వకు దండం పెట్టిండు. "అమ్మా, మీరు మమ్మల్ని కాపాడారు."

నాకు దుఃఖం ఆగలే. "మా అవ్వ సార్" అన్న. "నేను గీమె మనవణ్ణి. నిన్న దుమ్ము సంగతి చెప్పింది గూడ నేనే."

"కాదు సారూ, ఊకె అంటుండు" అన్నది అవ్వ!

సారు ఫక్కున నవ్విండు. "ఆ ముక్కూ ఈ ముక్కూ చూస్తే తెలీదా? ముంజేతి కంకణానికి అద్దమెందుకమ్మా." నా దిక్కు తిరిగి, "జాలి మూసుకుంటే ఇంజనుకు గాలి అందేలా తనంతట తనే తెరుచుకునే తలుపొకటి కావాలి. నువ్వే గీయి" అన్నడు. ఆ తలుపు గీసిన. నౌకరీ పక్కా అయింది. పెండ్లి, పిల్లలు, ఇల్లు, అన్నీ ఆ నౌకరీ మీదనే. ఆ సారును తలువని దినం లేదు.

ఆ మాపటికి అవ్వ జొన్న రొట్టె కొడుతుంటే పక్కన కూసున్న. "సారుకు నిజం చెప్పినంక గూడ కాదన్నవేందే?" అని అడిగిన.

"నువ్వు పొద్దుగాల తెల్వదంటివి గద బిడ్డా" అన్నది. "నేను అవునంటే, సారు ముందట నువ్వు అబద్ధమాడినట్టయితది గద."