ఆరు వారాలకు నేనాడిన బేరం

సహోదరులారా, ఆ రోజు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది! నానక్‌రామ్‌గూడలో మాది కిరాణా కొట్టు, బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య, తూకం అయ్యాక పైన పిడికెడు కొసరు పడనిదే కదిలేవాణ్ణి కాదు. అలాంటి నేను, పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఒక ఉదయం బెల్లం బండి దగ్గర గొంతు చించుకుని బేరమాడుతుండగా తల మీద పిడుగు పడినట్టయింది, ఆ బెల్లం దిమ్మెల మీదే వాంతి చేసుకుని కూలిపోయాను.

ఎడ్లబండిలో పట్నం దవాఖానకు చేర్చారు. డాక్టరమ్మ నా గడ్డాన్ని రొమ్ముకు ఆనించబోతే మెడ కట్టెలా బిగిసింది, వెన్నులో సూది గుచ్చితే నీరు ఎర్రగా వచ్చింది! మెదడులో రక్తనాళం చిట్లిందనీ, మళ్లీ చిట్లితే ప్రాణం దక్కదనీ, అది మానేదాకా ఆరు వారాలు తల ఎత్తకుండా పడుకోవడమే మందనీ చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "నాలుగు జెయ్యండమ్మా!"

నా భార్య మార్తమ్మ నెత్తి కొట్టుకుంది. "పానం మీద గూడ బేరమేంది? జర నోరు మూసుకొని పండుకో!"

ఊరుకున్నానా? పక్క మంచంలో అదే జబ్బుతో ఉన్న నార్సింగి బండివాడు మల్లయ్యకు ధైర్యం చెప్పాను. "ఫికర్ జెయ్యకు మల్లన్నా, ముందుగాల ఎక్కువనే జెప్తరు. మూడు వారాలు సాలు."

మూడు వారాలు నిండిన పొద్దున మల్లయ్య, "శేటూ, నీ లెక్క అయిపాయె!" అని నవ్వుతూ లేచి కూర్చున్నాడు, తల పట్టుకున్నాడు, ఒరిగిపోయాడు. డాక్టరమ్మ పరుగెత్తి వచ్చేసరికే అంతా అయిపోయింది! నా కళ్ల ముందే, నా మాట మీదే!

తల కదపకూడదు కదా, కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. "ప్రభువా, మనిషి ప్రాణానికి నేను ధర తగ్గించాను. క్షమించు. ఇక నువ్వు చెప్పినంతే," అని ప్రార్థించాను. మార్తమ్మ చెంచాతో గంజి పోస్తుంటే రాయిలా పడుకున్నాను. ఆరు వారాలు నిండి డాక్టరమ్మ లెమ్మంటే, "ఇంకొక్క దినం పండుకుంటనమ్మా," అన్నాను. ఎవరూ అడగకుండా నా జన్మలో నేనిచ్చిన కొసరు అదొక్కటే!

లేచాక ముందు నార్సింగికి వెళ్లి మల్లయ్య భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను.  ఆమె, "నువ్వయిన మంచిగ పండుకున్నవా అన్నా?" అని అడిగింది.

నేను బ్రతికింది నా తెలివితో కాదు, దేవునికే మహిమ! ఆయనతో ఇంకా ధర తెగక నిలబడిన వారెవరైనా ఇక్కడుంటే, ఈరోజే ఆయనను నమ్మి ఊఁ అనండి. నాలాగా పక్క మంచం ఖాళీ అయ్యేదాకా ఆగకండి.