ఖాలా నడిపిన ఫుట్‌బాల్ జట్టు

పోయిన శుక్రవారం మహబూబ్‌నగర్‌లో మేం పిన్ని వరసతో ఖాలా అని పిలుచుకునే మా పక్కింటావిడ చనిపోయింది. మట్టి ఇచ్చి వచ్చాక, వాకిట్లో కుర్చీలు వేసుకుని పెద్దమనుషులు ఆమెను పొగిడారు. "గడప దాటని ఇల్లాలు" అన్నారు. మా అమ్మ పోయిననాడు మా వాళ్లు అన్నదీ ఇదే మాట. మతాలు వేరైనా ఆడమనిషికి ఇచ్చే కితాబు మాత్రం ఒకటే! నేను ఒప్పుకోను. అది శిక్షను సన్మానంగా చూపించడం. పైగా పచ్చి అబద్ధం.

తొంభైల నాటి సంగతి. ఆమె మరిది దుబాయి నుంచి పిల్లలకని చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ తెచ్చాడు. ఫుట్‌బాల్ అన్నాడు. తీరా చూస్తే అందులో బంతిని తన్నేదే లేదు. మనం జట్టుకు మేనేజర్లం. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరిని అమ్మాలి అని తేల్చి మీట నొక్కితే, గెలుపో ఓటమో తెర మీద అక్షరాల్లో వస్తుంది. పిల్లలు విసుగెత్తి పడేశారు. ఖాలా తీసుకుంది. ఆమెకు ఉర్దూ వచ్చు, ఇంగ్లిషు రాదు. కాలేజీ నుంచి వచ్చి నేను చదివి చెప్పేవాణ్ని.

పొయ్యి మీద చాయ్ మరుగుతుంటే, తెర కనబడాలని కిటికీ వెలుతురులోకి జరిగి ఆడేది. పద్ధతి ఆమెదే. ఒక ఆటలో కూర్చున్నవాణ్ని మరుసటి ఆటలో మైదానంలోకి దించాల్సిందే. ఎవర్నీ అమ్మేది కాదు.

"ఖాలా, గీ ముసలోణ్ని అమ్మెయ్యి. ఉరుకుడే చాతనైతలేదు వానికి."

"ముందు పోయి మీ తాతను అమ్ముకరా. అప్పుడు వీన్ని అమ్ముత."

"గిట్లయితే మళ్ల ఓడుతవ్."

"ఓడితే ఓడిన. ఊకె కూసోబెడితే పాణం ఎట్లుంటదో నీకేమెరుక, బేటా?"

ఓడేది. ఆమె జట్టు కింది స్థాయి పోటీలకు జారేది. ఒకరోజు ఆ డబ్బాను పక్కన పెట్టేసింది.

"ఓడిన్నని చెప్తది గని, ఎట్ల ఓడిన్నో సూపియ్యది. ఒక్కపారి అసలు ఆట సూడాలె. తీస్కపోతవా?"

గ్రౌండు మా గల్లీ చివరే. పెళ్లయి వచ్చిన నాటినుంచీ అక్కడి కేకలు ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి. ఇంట్లో అడిగితే అత్త వద్దంది. భర్త "నలుగురేమంటరు?" అన్నాడు. ఎవరండీ ఆ నలుగురు? ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, ఒక్కడూ దొరకలేదు. మా నాయిన నన్ను పిలిచి, "పరాయోళ్ల ఇంటి ముచ్చట నీకెందుకురా?" అన్నాడు. మా అమ్మ కూడా వస్తానంటుందని భయం కాబోలు.

ఆ ఆదివారం ఎవర్నీ మళ్లీ అడగకుండా ఖాలా బురఖా వేసుకుని బయలుదేరింది. నేను వెంట నడిచాను.

ఆమె గ్రౌండు గీత పక్కన నిలబడగానే ఆట ఆగింది. ఆపింది మా గల్లీ జట్టువాళ్లే. రిఫరీ వచ్చి, ఆమె అక్కడ లేనట్టే, "ఆడోళ్లుంటే పోరగాండ్లు ఎట్ల ఆడుతర్రా? ఇంటికి తోలు," అన్నాడు నాతో. నేను గొడవకు దిగబోతే ఖాలా నన్ను వెనక్కి లాగింది.

"నన్నడుగు భాయ్, వచ్చింది నేను. మీ ఆట మీరు ఆడుండ్రి. నేనేమన్న తింటనా మిమ్మల్ని?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రిఫరీ విజిల్ ఊదాడు, ఆట మళ్లీ మొదలైంది.

సగం ఆట కూడా కాకముందే ఆమె భర్త సైకిలు మీద వచ్చి తీసుకెళ్లాడు. మళ్లీ రానివ్వలేదు. చచ్చిపోయేదాకా రానివ్వలేదు. దానికి ఇప్పుడు మర్యాద అని పేరు పెట్టి, కుర్చీల్లో కూర్చుని పొగుడుతున్నారు. పొగడండి. ఆ కాసేపు ఆమె చూసినదాన్ని మాత్రం ఎవరూ చెరపలేరు.

భర్త రాకముందు ఒకసారి బంతి దొర్లుతూ ఆమె దగ్గరికే వచ్చింది. ఖాలా చెప్పు విడిచి, పాదంతో దాన్ని ఆపింది. "గిటు తన్ను, అమ్మా!" అని అరిచారు. ఆమె వెంటనే తన్నలేదు. ఎర్రమట్టి అంటిన బంతి మీద వట్టి పాదం. అవతల నడుముల మీద చేతులు పెట్టుకుని, ఆమె ఎప్పుడు వదులుతుందా అని చూస్తూ నిలబడిపోయిన మగవాళ్లు.