కట్ అన్నాక నవ్వాలి

మాది కర్నూలు. నరసాపురంలో గోదావరి దాటడానికి పంటు ఎక్కితే, నా పక్కన కూర్చున్న తెల్లాయన వేల్స్ నుంచి వచ్చిన టీవీ నటుడని మాటల్లో తెలిసింది. వాళ్ల భాషలో వచ్చే సీరియల్లో ఇరవై ఏళ్లు పోస్ట్‌మాన్ వేషం వేశాడట. చివరికి ఆ పోస్ట్‌మాన్‌ని గుండెపోటుతో చంపేశారట. అప్పట్నుంచి వేషాల్లేవు. ఇంట్లో తోచక ఊళ్లు తిరుగుతున్నాడు.

ఎదురుగా లేసు అల్లుకుంటున్న పెద్దావిడ, "ఏమంటున్నారండి ఆయన?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ అల్లిక ఆపేసింది.

"చనిపోయిన సీను తీశాక ఆయన్ని నవ్వించారా అండి?"

నాకర్థం కాలేదు.

"మా ఊళ్లో షూటింగ్‌కి నేనూ శవం వేషం వేశానండి. కట్ అనగానే డైరెక్టరు గారు కెమెరా వైపు చూసి నవ్వమన్నారు. నవ్వకపోతే కీడంట."

ఆయన్ని ఇంగ్లీషులో అడిగితే తల అడ్డంగా ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారట, ఆయన కారెక్కి ఇంటికి పోయాడట.

"అయ్యో, అలా వదిలేస్తారా ఏంటండి! ఇప్పుడు నవ్వమనండి."

నేను ఫోన్ పట్టుకున్నాను. ఆయన బుద్ధిగా బల్ల మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. "కట్!" అని అరిచిందావిడ. ఆయన లేచి, మొదట కెమెరా కోసం నవ్వి, తర్వాత ఆపుకోలేకపోయాడు. పంటు మీదున్న వాళ్లందరూ నవ్వారు.

ఇక తనకి వేషాలొస్తాయేమో ఆవిడ్ని అడగమన్నాడాయన.

"అదెలా చెప్తామండి? నాకైతే మళ్లీ రాలేదు," అంటూ ఆవిడ లేసు అందుకుంది. "కానీ చూడండి, నిక్షేపంగా ఉన్నాను."