పై నుంచి రెండో లైటు

అమీర్‌పేటలో మాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్ ముక్క, లైనింగు, ఫాల్ ఇస్తాం. ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రెండు రంగులు ఎండలోకి వెళ్లేసరికి వేరైపోతాయి. అందుకే ఏ ముక్కనైనా గుమ్మం దాకా తీసుకెళ్లి చూడనిదే నేను కత్తెర పెట్టను. ఇన్నేళ్లూ ఇదే పని చేసి మనుషులను కూడా అలాగే చూడడం అలవాటైపోయింది. "నువ్వు దేవుణ్ని సుత గుమ్మం కాడికి తీస్కపోయి చూస్తవ్" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయన ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఇంట్లో ఒకరైనా అనుమానపు మనిషి ఉండాలి కదా.

నిరుడు మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. బోరబండలో సొంతిల్లు, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కల పని, నెమ్మదైన మాట. అమ్మాయికి బాగా నచ్చాడు. మా ఆయనకు చూడకముందే నచ్చాడు. ఇక నేను ఊ అంటే తాంబూలాలు మార్చుకోవడమే. నాకు మాత్రం మనసొప్పలేదు. వంక లేని గుడ్డ ఎక్కడ ఉంటుంది?

వెతికితే రెండు దొరికాయి. ఒకటి, వాళ్లమ్మ చీర పట్టుకుని అతను మా షాపుకు వచ్చినప్పుడు నేను ముందర వేసిన ముక్కల వంక చూడనైనా చూడలేదు. "మీరే చూడుండ్రి ఆంటీ" అని గోడ మీది క్యాలెండరు చదువుకుంటూ కూర్చున్నాడు. పొగరు అనుకున్నాను. రెండోది, శనివారం సాయంత్రాలు ఫోన్ ఎత్తడు. ఎక్కడికి పోతాడే అని అమ్మాయిని అడిగితే, రైళ్లు చూడడానికి అంది.

"రైళ్లు చూసుడేంది? ఎక్కుతరు, దిగుతరు. పెళ్లీడుకొచ్చినోడు పనిగట్టుకొని పోయి రైళ్లు చూస్తడా?"

"చూస్తడమ్మా. ఆయనకు గదొక పిచ్చి."

పిచ్చి పేరు చెప్పి ఎన్నెన్ని నడుస్తాయో నాకు తెలియదా? స్టేషన్లో ఎవరినైనా కలుసుకోవచ్చు, ఎవరూ అడగరు. ఆ శనివారం పొద్దున నేనే ఫోన్ చేసి, "బిడ్డా, నేను సుత వస్త, జర ఆ రైళ్లు నాకూ చూపెట్టు" అన్నాను. తడబడతాడనుకున్నాను. "మస్తుంటది ఆంటీ, రాండ్రి" అని సంబరపడ్డాడు. ఆ సంబరం విని నా అనుమానం ఇంకా ముదిరింది.

సాయంత్రం అమీర్‌పేట చౌరస్తాలో కలిశాం. రోడ్డు దాటడానికి సిగ్నల్ పడినా పక్కవాళ్లు అడుగేస్తేగానీ అతను వేయలేదు. మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్లి, దిగి బేగంపేట రైల్వే స్టేషన్‌కు నడిచాం. ప్లాట్‌ఫారం చివర ఒక సిమెంటు బెంచీ ఉంది. అదే తన జాగా అన్నాడు. కాస్త అవతల చుడీదార్ వేసుకున్న అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. ఈమే అయి ఉంటుందనుకుని చూపు తిప్పకుండా కూర్చున్నాను. లింగంపల్లి లోకల్ వచ్చింది, ఆమె ఎక్కి వెళ్లిపోయింది. అతని వైపు తల కూడా తిప్పలేదు.

తర్వాత ఆగకుండా పోయే పెద్ద బండి ఒకటి వచ్చింది. అది మలుపు తిరగకముందే, చప్పుడు విని, ఇంజన్ ఏ రకమో చెప్పాడు. లేచి నిలబడి చెయ్యి ఊపాడు. ఇంజన్ కిటికీలోంచి డ్రైవరు చెయ్యెత్తి, హారన్ కొట్టి వెళ్లాడు. బెంచీ అదిరింది, నా గుండె కూడా.

"ఆయన నీకు తెలుసా?"

"తెల్వదు ఆంటీ. చెయ్యి ఊపితే ఊపుతరు, గంతే."

ముక్కూ మొహం తెలియనివాడు ఊరికే హారన్ కొడతాడా? నేను నమ్మలేదు.

అక్కడి నుంచి లోకల్ ఎక్కి ఖైరతాబాద్‌లో దిగాం. మసక పడుతోంది. ప్లాట్‌ఫారం దాటాక పట్టాల పక్కన సిగ్నల్ స్తంభం ఉంది. నాంపల్లి నుంచి ఎక్స్‌ప్రెస్ ఒకటి రావాలట. ఎప్పుడొస్తుందని అడిగాను.

"ఇప్పుడే రాదు. ఇంకా కింది లైటే ఉంది."

కొంచెంసేపటికి, "పై నుంచి రెండోది వెలిగింది. ఇగ వస్తది" అన్నాడు.

నేను అటు చూశాను. ఇందాక ఎర్రగా ఉన్నది ఇప్పుడు పచ్చగా ఉంది. ఎర్ర లైటు అనాలి, పచ్చ లైటు అనాలి. కింది లైటు, రెండో లైటు అని ఎవరంటారు? పొద్దున లేచిన దగ్గర్నుంచి రంగుల పేర్లు పలికే నోరు నాది, వినే చెవులు నావి. షాపులో క్యాలెండరు చదవడం, చౌరస్తాలో పక్కవాళ్ల కాళ్లు చూడడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

నా సంచిలో ఎవరికో ఇవ్వాల్సిన జాకెట్ ముక్కలు రెండున్నాయి. ఒకటి మెరూన్, ఒకటి ముదురు ఆకుపచ్చ. రెండూ తీసి అతని ఒళ్లో పెట్టాను.

"ఈ రెండిట్ల ఆకుపచ్చది నాకియ్యి బిడ్డా."

ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అతను లేవలేదు, చెయ్యి ఊపలేదు. పెట్టెలన్నీ దాటిపోయేదాకా ఆ రెండు ముక్కలూ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏదో ఒకటి నా చేతిలో పెట్టి ఉండొచ్చు. సగానికి సగం గెలిచేవాడు. మా షాపుకు వచ్చే పెద్దమనుషులు తెలియని రంగుకు కూడా దర్జాగా ఒక పేరు పెడతారు.

"ఏది ఏదో నాకు తెల్వదు ఆంటీ" అన్నాడు. "ఎరుపు, పచ్చ నా కండ్లకు ఒకటే తీరు కనవడతయి."

ఇంజన్ డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష పాసయ్యాడట. కళ్ల పరీక్షలో తీసేశారు. తను మొదటే ఈ మాట చెప్పేసరికి, ఇంతకుముందు వచ్చిన రెండు సంబంధాల వాళ్లు ఇంకో మాట మాట్లాడనివ్వలేదట.

"మరి ఈ రైళ్ల ఎంబడి తిరుగుడెందుకు? బాధైతలేదా?"

"నడపనియ్యలే ఆంటీ. చూడొద్దని ఎవ్వరనలే గదా."

నాకు జాలి వేసింది. దాని వెంటే కోపమూ వచ్చింది. "నా బిడ్డకు తెలుసా ఇది?" అన్నాను.

"మొదటి రోజే చెప్పిన. మీకు చెప్తనంటే ఆమెనే జర ఆగుమన్నది."

తిరిగి మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో దిగాక నన్ను మా గల్లీ మొదలు వరకు దింపి, "మీరేమన్నా నాకు ఫికర్ లేదు ఆంటీ, చెప్పేసిన గదా" అని వెళ్లిపోయాడు. గొంతు వింటే ఫికర్ ఉందని తెలుస్తూనే ఉంది.

ఇంట్లోకి వస్తూనే అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. కన్నతల్లి దగ్గర దాస్తావా అన్నాను. అది అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.

"ముందే చెప్తే నువ్వు ఆయన్ను చూస్తుంటివా అమ్మా? కండ్లనే చూస్తుంటివి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లలకు వస్తుందేమో, రేపు ఇంకేం బయటపడుతుందో అని వెయ్యి అనుమానాలు. వాటన్నిటి మధ్యా ఆ రెండు ముక్కలు పట్టుకున్న చేతులే కనపడ్డాయి. తెల్లారాక మా ఆయనతో సరే అన్నాను. ఆయన నన్నే అనుమానంగా చూశాడు.

నిశ్చితార్థం చీరకు అమ్మాయి, అతను, నేను పంజాగుట్టలో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్లాం. అమ్మాయికి తెలియకుండా ఇంకో చీర తనే కొనాలని అతనికి కోరిక. అమ్మాయి అటు తిరిగినప్పుడు ఒక పట్టుచీర పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"అత్తమ్మా, ఇది ఏం రంగు? ఆమెకు నప్పుతదా?"

మొదటిసారి అత్తమ్మా అన్నాడు. అది మామిడిచిగురు రంగు. దూరం నుంచే తెలిసింది, నోటి దాకా వచ్చింది. కానీ పైన అన్నీ లైట్లే. జీవితంలో ఎప్పుడూ లేనిది, నా కన్ను మీద నాకే అనుమానం వచ్చింది. సేల్స్ అమ్మాయి వద్దంటున్నా వినకుండా చీరను అద్దాల తలుపు దాకా తీసుకెళ్లి, ఎండలో రెండువైపులా తిప్పి చూశాను.

"మామిడిచిగురు" అన్నాను. "మంచిగ నప్పుతది."

అతను చీర వంక మళ్లీ చూడలేదు. నేరుగా వెళ్లి ప్యాక్ చేయమన్నాడు.